లాఖ్‌డూ పోలీసు ఎందుకు వదిలేస్తాడు: హేమిష్ మక్‌బెత్ గురించి ఒక రిటైర్డ్ సి.ఐ. జవాబు

గ్లాస్గోలో ఎం.ఎస్సీ. చదువుతున్న మీరు అడిగింది ఇదీ. ఇంటి ఓనరు చెబితే బీబీసీ వాళ్ళ పాత సీరియల్ 'హేమిష్ మక్‌బెత్' మొదలుపెట్టి మూడు ఎపిసోడ్లు చూశారు. పోలీసు కథ అన్నారు గానీ దర్యాప్తు పెద్దగా కనబడలేదు. లాఖ్‌డూ అనే పల్లెలో ఉండే ఆ కానిస్టేబుల్ హేమిష్ చాలావాటిని చూసీ చూడనట్టు వదిలేస్తున్నాడు, ప్రమోషన్ అంటే తప్పించుకు తిరుగుతున్నాడు. యాస కూడా పట్టుబడటం లేదు. ఇలాంటివాణ్ణి మంచి పోలీసని ఎలా అంటారు? స్కాట్లాండులో నిజంగా ఇలా ఉంటుందా? నవలలు ముందు చదవాలా? ఆ ఊరు చూడ్డానికి వెళ్ళొచ్చా?

నేను ఎస్సైగా చేరి సి.ఐ.గా రిటైరయ్యాను. సర్వీసులో సగం పైన పల్నాడులోనే గడిచింది. రిటైరయ్యాక మా అమ్మాయి ఉద్యోగరీత్యా స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న ఇన్వర్నెస్ నగరంలో ఉంటే రెండు విడతలుగా వెళ్ళి పది నెలలు ఉన్నాను. అక్కడి చలికాలంలో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. ఆ పొద్దుల్లోనే ఈ సీరియల్ 20 ఎపిసోడ్లూ చూశాను, ఇంటికొచ్చాక మళ్ళీ చూశాను. మీ ప్రశ్న నా ఉద్యోగానికి సంబంధించింది కూడా కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ఇంగ్లీషువాళ్ళు 'లా అండ్ ఆర్డర్' అంటారు. మనం దాన్ని శాంతిభద్రతలు అంటాం. ఆ మాటలో చట్టం అన్న పదమే లేదు, గమనించారా? ముందు శాంతి, తర్వాత భద్రత. ట్రైనింగులో మాకు నేర్పేది చట్టం. స్టేషన్లో కూర్చున్నాక జనం మమ్మల్ని అడిగేది శాంతి. ఈ రెండూ ఒక్కటే అయిన రోజు పోలీసుకు పని సులువు. వేరయిన రోజు ఏం చేస్తాడన్నదే ఈ సీరియల్ కథ. అందుకే మీకు దర్యాప్తు కనబడలేదు. లాఖ్‌డూలో నేరం ఎవరు చేశారో హేమిష్‌కి చాలాసార్లు ముందే తెలుసు. ఊళ్ళో సగంమందికీ తెలుసు. తెలిసిన తర్వాత ఏం చెయ్యాలన్నదే అతని తలనొప్పి.

సీరియల్ వివరాలు చెప్పేస్తాను. బీబీసీ స్కాట్లాండ్ కోసం తీశారు. 1995 మార్చి నుంచి 1997 మే దాకా మూడు సీజన్లుగా, ఆదివారం రాత్రుళ్ళు బీబీసీ వన్‌లో వచ్చింది. రాత డానియల్ బాయిల్ చేతిమీదుగా సాగింది. ఈయన వేరు, సినిమా దర్శకుడు డానీ బాయిల్ వేరు. పేర్లు దగ్గరగా ఉండటం, ఇద్దరి పనిలోనూ రాబర్ట్ కార్లైల్ ఉండటం వల్ల నెట్‌లో చాలామంది పొరబడుతుంటారు. హేమిష్‌గా వేసిన కార్లైల్ గ్లాస్గో మనిషి. 1996లో ఒక సినిమాలో ఒళ్ళు జలదరించే గూండాగా కనబడిన మనిషే ఇక్కడ మెత్తటి పల్లెటూరి పోలీసు. విలేకరి ఇసొబెల్‌గా వేసిన షర్లీ హెండర్సన్‌ను మీ తరంవాళ్ళు హ్యారీ పోటర్ సినిమాల్లో ఏడుస్తూ తిరిగే దయ్యం మర్టిల్‌గా చూసే ఉంటారు. సంగీతం జాన్ లన్, తర్వాత 'డౌన్టన్ ఆబీ' సీరియల్‌కి చేసిన ఆయనే.

ఇక అసలు సంగతికి వస్తాను. అక్కడి నేల ఎలాంటిదో తెలియకపోతే హేమిష్ సోమరిగానే కనబడతాడు. నేను పనిచేసిన పాత గుంటూరు జిల్లా విస్తీర్ణం 11,391 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో జనం 48 లక్షల పైన. ఈ కథ జరిగేది స్కాట్లాండు ఉత్తరాన ఉన్న కొండప్రాంతం హైలాండ్స్‌లో. అక్కడి హైలాండ్ కౌన్సిల్ అనే స్థానిక పాలనా సంస్థ పరిధి ఒక్కటే దానికి రెండింతలు దాటి ఉంటుంది. మనుషులు మాత్రం రెండు లక్షల ముప్పైవేల చిల్లర. అంటే ఇరవయ్యో వంతు. మా అల్లుడి కారులో పడమటి తీరానికి వెళ్తుంటే చాలాదూరం ఒకటే సన్నటి రోడ్డు. ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు పక్కకు తీసి ఆగాలి, ఆగినవాళ్ళకి రెండోవాళ్ళు చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పాలి. గొర్రెలు, కొండలు, నీళ్ళు. మధ్యలో ఇరవై ఇళ్ళు. అలాంటిచోట పోలీసుకి ఏదైనా జరిగితే సాయం రావడానికి గంటో రెండు గంటలో పడుతుంది. చేతిలో తుపాకీ ఉండదు, అక్కడి మామూలు పోలీసులకి ఇప్పటికీ ఉండదు. ఆ గంటసేపు అతన్ని కాపాడేది లాఠీ కాదు, ఊళ్ళోవాళ్ళకి అతనంటే ఉన్న గౌరవం. మన వైపు కూడా ఒంటరిగా బీట్‌కి వెళ్ళిన కానిస్టేబుల్ ఎవరికైనా ఈ మాట అర్థమవుతుంది.

పాతరోజుల్లో అక్కడ పల్లెల్లో పోలీసు ఇల్లు, స్టేషన్ ఒకే కప్పు కింద ఉండేవి. ముందు గది ఆఫీసు, వెనక కాపురం. హైలాండ్స్ అంతా అప్పట్లో ఇన్వర్నెస్ కేంద్రంగా నార్తర్న్ కాన్‌స్టాబ్యులరీ కింద ఉండేది. 2013 ఏప్రిల్ 1న దేశంలోని ఎనిమిది పోలీసు దళాలనూ కలిపి పోలీస్ స్కాట్లాండ్ చేశారు. కాబట్టి మీరు చూస్తున్నది ఆ పాత ఏర్పాటు.

ఇప్పుడొక చట్టం సంగతి. సీరియల్లో దీన్ని ఎవరూ విడమరచి చెప్పరు, కానీ అది తెలిస్తే సగం సన్నివేశాలు వేరే అర్థమిస్తాయి. స్కాట్లాండులో నేరం రుజువు కావాలంటే కీలకమైన విషయానికి కనీసం రెండు వేరువేరు ఆధారాలు కావాలి. ఒక్క సాక్షి ఎంత నిజాయితీపరుడైనా, పోలీసే అయినా, సాధారణంగా ఆ ఒక్కడి మాట మీద శిక్ష పడదు. నా సర్వీసు నాటి మన ఎవిడెన్స్ యాక్ట్ 134వ సెక్షన్ దీనికి పూర్తిగా ఎదురు: ఒక విషయం రుజువుకి ఇంతమంది సాక్షులే కావాలన్న నియమం లేదనేది. 2024లో ఆ యాక్ట్ స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అదే మాట ఉంది. అందుకే మన దగ్గర ఒక్క మంచి సాక్షితో కేసు నిలబెట్టిన సందర్భాలు నాకే ఉన్నాయి. హేమిష్ పరిస్థితి ఆలోచించండి. ఊళ్ళో ఒక్కడే పోలీసు. రాత్రి పూట ఏటి ఒడ్డున ఎవరో చేపల దొంగని కళ్ళారా చూశాడు. చూసింది తనొక్కడే. రెండో ఆధారం ఇవ్వాల్సింది ఆ ఊరివాళ్ళే. వాళ్ళు నోరు విప్పకపోతే అతని దగ్గర ఉన్నది కేసు కాదు, తెలిసిన విషయం మాత్రమే. పైగా కోర్టుకి పంపాలా వద్దా అని నిర్ణయించేది పోలీసు కాదు, ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే ప్రభుత్వ ప్రాసిక్యూటర్. హేమిష్ 'వదిలేయడం'లో కొంత మంచితనం, కొంత ఈ లెక్కా ఉంది. గట్టిగా పట్టుకున్నా నిలబడని కేసు పెట్టి ఊరిని దూరం చేసుకోవడంకన్నా, నీ సంగతి నాకు తెలుసని ఆ మనిషికి తెలిసేలా చెయ్యడమే అక్కడ పనికొచ్చే పోలీసు పని.

చేపల దొంగ అన్నాను కదా, దాని దగ్గర కాసేపు ఆగాలి. హైలాండ్స్ పాత భాష గేలిక్‌లో ఒక సామెత ఉంది. మడుగులో చేప, అడవిలో బెత్తం, కొండమీద దుప్పి, ఈ మూడు దొంగతనాలకీ ఏ మనిషీ ఎన్నడూ సిగ్గుపడలేదని దాని భావం. మా అమ్మాయి ఆఫీసులో పెద్దాయన ఒకరు భోజనానికి వచ్చినప్పుడు ఈ సామెత చెప్పారు. చెబుతూ నవ్వలేదు. ఎందుకంటే దాని వెనక కన్నీళ్ళున్నాయి. 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మధ్యదాకా అక్కడి భూస్వాములు గొర్రెల పెంపకానికీ, తర్వాత వేటకీ కొండల్ని ఖాళీ చేయించి, తరతరాలుగా సాగుచేసుకుంటున్న రైతుల్ని వెళ్ళగొట్టారు. కొందరు సముద్రపుటొడ్డుకి, కొందరు ఓడెక్కి కెనడాకి. నిన్నటిదాకా తాతముత్తాతలు తిన్న చేప ఒక్కరోజులో దొరగారి ఆస్తి అయిపోతే, దాన్ని పట్టడం దొంగతనమని ఆ మనిషి మనసు ఒప్పుకుంటుందా?

1882 ఏప్రిల్‌లో స్కై దీవిలోని బ్రేస్ అనే చోట కొండమీద మేతహక్కు కోసం రైతులు శిస్తు ఆపేశారు. వాళ్ళని అరెస్టు చెయ్యడానికి మీరుంటున్న గ్లాస్గో నుంచే యాభైమంది దాకా పోలీసుల్ని దించారు. ఊరి ఆడవాళ్ళు కొండ వాలునుంచి రాళ్ళు విసిరారు, లాఠీ దెబ్బలు తిన్నారు. ఆ గొడవల తర్వాతే ప్రభుత్వం కమిషన్ వేసింది, 1886లో చట్టం చేసి చిన్న రైతుల్ని పొలంనుంచి ఊరికే తీసెయ్యకూడదని హక్కు ఇచ్చింది. సీరియల్ తీసిన ఊరు స్కైకి ఎదురొడ్డునే ఉంది. అక్కడివాళ్ళ జ్ఞాపకంలో పోలీసు అంటే ఒకప్పుడు దొరగారి తరఫున పట్నంనుంచి వచ్చినవాడు. ఇదంతా తెలిశాక హేమిష్ వేటగాళ్ళని చూసి తల తిప్పుకునే సన్నివేశం చూడండి. అతను కళ్ళు మూసుకోవడం లేదు, ఏది నేరమో ఏది కాదో అన్న ఆ ఊరి తీర్పుని గౌరవిస్తున్నాడు. అదే ఊళ్ళో బలహీనుణ్ణి ఎవరైనా కొడితే మాత్రం అతను ఊరుకోడు, అక్కడ అతనికి మెత్తదనం లేదు.

ఇది మంచి పోలీసు పనా అన్నారు. నా అనుభవం చెబుతాను, మీరే ఆలోచించుకోండి.

నేను కొత్తగా ఎస్సైగా చేరిన స్టేషన్ పరిధిలో ఒక ఊరు. అన్నదమ్ముల బిడ్డల మధ్య గట్టు తగాదా. ఒకడు కర్రతో కొడితే రెండోవాడి నుదురు చిట్లింది, ఆరు కుట్లు. వాళ్ళ నాన్న వచ్చి కంప్లయింట్ ఇచ్చాడు. మా హెడ్ కానిస్టేబుల్ నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద. పక్కకి పిలిచి, "సార్, రేపటిదాకా చూద్దాం. వాళ్ళ పెదనాన్న ఒకాయన ఉన్నాడు, ఆయన మాట ఇద్దరూ వింటారు" అన్నాడు. నేను వినలేదు. ఆయుధంతో గాయపరచిన నేరమని అప్పటి ఐ.పి.సి. 324 కింద కేసు కట్టాను. చట్టప్రకారం అది తప్పు కాదు, ఈరోజుకీ తప్పని అనను. మర్నాడు అవతలివాళ్ళు కౌంటర్ కేసు పెట్టారు. ఆ ఊరు అప్పటికే రెండు పార్టీలుగా ఉంది, ఒక్కో ఇంటి వెనక ఒక్కో పార్టీ చేరింది. పద్నాలుగు నెలల్లో నాకు ట్రాన్స్‌ఫర్ అయింది. కేసు ఏడేళ్ళు నడిచింది. సాక్షులు ఎదురుతిరిగారు, రెండు కేసులూ కొట్టేశారు. చాలా ఏళ్ళ తర్వాత సి.ఐ.గా అటు వెళ్ళినప్పుడు తెలిసింది, వాయిదాలకి తిరగలేక ఇద్దరూ చెరో ఎకరం అమ్ముకున్నారు. తగాదా పడిన గట్టు కూడా ఆ అమ్ముడుపోయిన పొలంలోనే ఉంది. నుదురు చిట్లినవాడు నన్ను గుర్తుపట్టి టీ ఇప్పించాడు. ఆ టీ గొంతు దిగలేదు.

నేను చేసినదాని ఫలితాన్ని నేను చూడాల్సి రాలేదు, ఎందుకంటే వెళ్ళిపోయాను. హెడ్ కానిస్టేబుల్ ఆ పక్క ఊరివాడు, రిటైరయ్యేదాకా అక్కడే ఉంటాడు, వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకి వెళ్తాడు. అందుకే ఆయనకి తెలిసింది నాకు తెలియలేదు. హేమిష్‌లో నేను చూసింది ఆ హెడ్ కానిస్టేబుల్‌నే. ఈరోజు ఎవరిమీద కేసు పెడితే రేపు పొద్దున వాళ్ళ కొట్లోనే పాలు కొనాలి. ఎవరిని వదిలేస్తే రేపు సాయంత్రం వాళ్ళ చేతిలో దెబ్బతిన్న మనిషి మొహం చూడాలి. రెండువైపులా బరువు తనే మోస్తున్నాడు. వదిలేసే అధికారం ఎవరికైనా ఉండొచ్చంటే అలాంటివాడికే ఉండాలని నా నమ్మకం.

ప్రమోషన్ సంగతీ అక్కడే తేలిపోతుంది. ప్రమోషనంటే ఇన్వర్నెస్. ఇన్వర్నెస్ అంటే ఫైలు. అతను బాధ్యతనుంచి తప్పించుకుంటున్నాడని మీకనిపించింది, నాకు తలకిందులుగా కనిపించింది. పై మెట్టెక్కితే ఈ ఊరి బాధ్యతనుంచి విముక్తి. అది వద్దంటున్నాడు. నేను మూడుసార్లు సంతోషంగా ట్రాన్స్‌ఫర్ ఆర్డరు అందుకున్నవాణ్ణి కాబట్టి ఆ వద్దనడం ఎంత కష్టమో తెలుసు.

ఇంతా చెప్పి రెండో మాట చెప్పకపోతే నా ఉద్యోగానికి ద్రోహం చేసినవాణ్ణవుతాను. మన స్టేషన్లలో 'మాట్లాడి పంపేద్దాం' అన్న మాట వెనక ఎంత అన్యాయం జరిగిందో నేను చూశాను. మొగుడు కొడితే వచ్చిన ఆడపిల్లని కాపురం చెడగొట్టుకోకమ్మా అని పంపేశారు. దళితవాడనుంచి వచ్చినవాళ్ళని ఊరి పెద్దల దగ్గరికి తిప్పి పంపారు. సెటిల్‌మెంట్ పేరుతో డబ్బులు తిన్నవాళ్ళున్నారు. అందుకే 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, విచారణార్హమైన నేరం (పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చెయ్యగలిగేది) గురించి సమాచారం వస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రావాల్సిందే. కాబట్టి హేమిష్‌ని చూసి మన ఎస్సైలు కూడా ఇలాగే ఉండాలని మాత్రం నేననను. అతను ఎవరి దగ్గరా పైసా ముట్టడు, ఏ కులానికీ ఏ పార్టీకీ చెందినవాడు కాదు, బలవంతుడి ముందు తగ్గడు. రచయిత అతన్ని అలా తయారుచేశాడు. అలాంటి ఒక్కడి మంచితనం మీద ఊరంతా ఆధారపడటం ఎంత ప్రమాదమో సీరియల్ సూటిగా అడగదు. నాకు దాంట్లో లోటుగా కనబడింది అదొక్కటే. అతనికి బదులు వేరొకరు వస్తే లాఖ్‌డూ ఏమవుతుందన్న ఆలోచన నన్ను వదల్లేదు. గంజాయి విషయం కూడా మీకు ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. పోలీసే దాన్ని తాగడం నాకూ మింగుడుపడలేదు, రెండోసారి చూసినప్పుడూ పడలేదు.

మిగతా పాత్రల్లో నాకు ప్రాణం టీవీ జాన్. ఆ ఊళ్ళో మొదట టీవీ కొన్నవాడు కాబట్టి ఆ పేరు. మన ఊళ్ళలో రేడియో సుబ్బయ్య, మోటారు వెంకయ్య ఉన్నట్టే. హేమిష్‌కి తోడుగా ఉంటాడు, జరగబోయేది కొంత ముందే తెలుస్తుంది అతనికి. హైలాండ్స్‌లో దాన్ని 'రెండో చూపు' అంటారు, పాతకాలంనుంచీ అక్కడ గట్టి నమ్మకం. రాల్ఫ్ రియాక్ అనే నటుడు దాన్ని ఏ హడావిడీ లేకుండా, మోకాలి నొప్పి సంగతి చెప్పినంత మామూలుగా చేశాడు. హేమిష్ కుక్క వీ జాక్, తెల్లటి వెస్టీ జాతి బుజ్జికుక్క. మొదటి సీజన్లో దానికేమవుతుందో చెప్పను, మీరు ఇంకా అక్కడికి రాలేదు. ఆ ఎపిసోడ్ మాత్రం ఒంటరిగా చూడకండి.

చివరి రెండు ఎపిసోడ్లు ఒకే కథ, దానికి కేంద్రం 'విధి శిల'. దీని చరిత్ర తెలిస్తే రుచి పెరుగుతుంది. స్కాట్లాండ్ రాజుల పట్టాభిషేకం జరిగే రాయిని 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఎత్తుకుపోయి లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పెట్టాడు. 1950 క్రిస్మస్ రోజు తెల్లవారుజామున నలుగురు స్కాటిష్ విద్యార్థులు ఆ 152 కిలోల రాయిని అక్కడినుంచి లాక్కొచ్చారు. మరుసటి ఏప్రిల్‌లో అది స్కాట్లాండులోని ఆర్‌బ్రోత్ ఆబీ అనే పాత మఠం శిథిలాల్లో దొరికింది. దొరికింది అసలుదేనా, నకలు పెట్టి అసలుదాన్ని దాచేశారా అన్న మాట అప్పటినుంచీ జనంలో తిరుగుతూనే ఉంది. 1996 నవంబరులో రాయిని అధికారికంగా స్కాట్లాండుకి తిరిగిచ్చారు. ఆర్నెల్లలోపే ఈ ఎపిసోడ్లు వచ్చాయి. చూసినవాళ్ళకి ఎంత వేడిగా తగిలి ఉంటుందో ఊహించుకోండి. ఒక పోలీసుగా నాకు నచ్చింది ఇంకోటుంది. ఆ నలుగురు విద్యార్థులూ ఎవరో పోలీసులు కనుక్కున్నారు. ప్రభుత్వం మాత్రం కేసు పెట్టకూడదని నిర్ణయించింది. పెడితే ప్రజాహితానికి మేలు జరగదని లెక్కవేసుకుంది. లాఖ్‌డూలో హేమిష్ చేపల దొంగ దగ్గర చేసే లెక్కే, లండన్లో మంత్రులు ఒక దేశం దగ్గర చేశారు.

నవలల గురించి. రాసింది ఎం.సి. బీటన్, అసలు పేరు మారియన్ చెస్నీ, గ్లాస్గోలో పుట్టిన మనిషి. హైలాండ్స్ ఉత్తర కొసన ఉన్న సదర్లండ్‌లో కొన్నేళ్ళు గొర్రెలు పెంచుకుంటూ ఉంది. మొదటి పుస్తకం 1985లో వచ్చింది, 2019 చివర్లో ఆమె చనిపోయేనాటికి ముప్పై దాటాయి. అందులో హేమిష్ వేరే మనిషి. పొడుగ్గా, ఎర్రజుట్టుతో, అసలు సిసలు హైలాండు కుర్రాడు. ఇంటికి పెద్దకొడుకు, కింద తమ్ముళ్ళు చెల్లెళ్ళు, జీతంలో మిగిల్చి ఇంటికి పంపాలి కాబట్టి టీలూ భోజనాలూ ఎదుటివాళ్ళింట్లో కానిచ్చేస్తాడు. కోళ్ళు పెంచుతాడు, పందేల్లో కొండ పరుగులు తీసి బహుమతి డబ్బు తెచ్చుకుంటాడు. ప్రతి పుస్తకంలో ఒక హత్య, హంతకుణ్ణి పట్టుకుని ఆ ఘనత పైఅధికారికి ఇచ్చేస్తాడు. తనకి ప్రమోషన్ వచ్చి ఊరు వదలాల్సిరాకుండా. మీకు దర్యాప్తే కావాలంటే నవలలు మీకోసమే, నాకైతే సీరియల్ లోతుగా అనిపించింది. ఆమెకి ఈ సీరియల్ నచ్చలేదు, ఆ మాట దాచుకోలేదు కూడా. ఏది ముందైనా ఫర్వాలేదు, ఒకదానితో ఒకటి ముడిపెట్టుకోకండి చాలు.

పేర్లు. లాఖ్‌డూ అని రాశాను గానీ ఇంగ్లీషు అక్షరాలు చూసి లోచ్‌డభ్ అని చదువుతారు చాలామంది. ఆ 'ఖ్' మన ఉర్దూ ఖబర్‌లోది, గొంతులోంచి గీసుకుంటూ రావాలి. లాఖ్ అంటే చెరువు లేక సముద్రపు పాయ, డూ అంటే నలుపు. అంటే మన నల్లచెరువు. గుంటూరులోనే ఒకటుంది. హేమిష్ అన్న పేరు గేలిక్‌లో షేమస్‌కి సంబోధన రూపం. రాముణ్ణి 'రామా' అని పిలిస్తే ఆ పిలుపే పేరైపోయినట్టు. యాస పట్టుబడటం లేదన్నారు కాబట్టి ఒక్కమాట: కార్లైల్ మాట్లాడేది గ్లాస్గో యాస, రోజూ మీ బస్సులో వినేదే. పడమటి తీరం పెద్దవాళ్ళు మాట్లాడేది వేరు, గేలిక్ నీడ పడిన నెమ్మదైన, పొడిపొడిగా కాకుండా పాడినట్టుండే ఇంగ్లీషు. మొదట సబ్‌టైటిల్స్ పెట్టుకుని రెండు ఎపిసోడ్లు చూస్తే చెవి అలవాటు పడుతుంది.

ఊరు చూడాలన్నారు. లాఖ్‌డూ కల్పితం, తీసింది ప్లాక్టన్‌లో. లాఖ్ కారన్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఒకే వరుస ఇళ్ళు, ముందు రోడ్డు, రోడ్డు దాటితే నీళ్ళు. ఆ ఒడ్డున తాటిచెట్ల లాంటివి కనబడితే ఆశ్చర్యపోకండి, మొదటిసారి చూసి మా ఆవిడ నమ్మలేదు. అవి న్యూజిలాండ్‌నుంచి తెచ్చిన క్యాబేజ్ పామ్‌లు. 57 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో అవి బతకడానికి కారణం అట్లాంటిక్‌లో దక్షిణంనుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం, ఊరు తూర్పు ముఖంగా ఉండి పడమటి గాలికి కొండ అడ్డుండటం. ఊరి పడవల్లో సీల్ అనే సముద్రపు జంతువుల్ని చూపించడానికి తీసుకెళ్తారు. మేము వెళ్ళినరోజు ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. సీరియల్ కోసం వచ్చామని చెబితే, మా ముందు రోజు వచ్చినవాళ్ళూ అదే చెప్పారంది. తర్వాత పోలీసు స్టేషన్‌గా చూపించిన ఇల్లు ఏదో ఓపిగ్గా చెయ్యి చాపి చూపించింది. అది ఎవరో కాపురముండే ఇల్లు. కిటికీల్లోకి తొంగిచూడకండి.

గ్లాస్గోనుంచి రైల్లో ఇన్వర్నెస్, అక్కడ కైల్ ఆఫ్ లాఖాల్ష్ వెళ్ళే రైలెక్కండి. 1897లో పూర్తయిన లైను. రెండున్నర గంటలు పడుతుంది. రోజుకి కొద్ది రైళ్ళే కాబట్టి తిరుగు రైలు టైము ముందే చూసుకోండి, లేకపోతే రాత్రికి అక్కడే ఉండిపోవాలి. ప్లాక్టన్ స్టేషన్ చివరినుంచి మూడోది, దిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే ఒడ్డు. జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జెస్ అనే సన్నటి పురుగులు సాయంత్రం గుంపులుగా కుడతాయి, మే లేక సెప్టెంబరు మంచిది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. స్ట్రాత్‌కారన్ దాటగానే నీళ్ళు రైలు పక్కకి వచ్చేస్తాయి, ప్లాక్టన్ దాకా వదలవు.